ఆర్పిన దీపం, తెరవని పెట్టె



2025 ఏప్రిల్ 30వ తేదీ రాత్రి సరిగ్గా తొమ్మిది గంటలకు మా మొహల్లాలో దీపాలు ఆరిపోయాయి. వక్ఫ్ సవరణ చట్టానికి నిరసనగా ఆ రాత్రి తొమ్మిది నుండి తొమ్మిదింబావు వరకు ఇళ్ళలోనూ దుకాణాలలోనూ దీపాలు ఆర్పవలసిందిగా ఆలిండియా ముస్లిం పర్సనల్ లా బోర్డు పిలుపునిచ్చిన విషయం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మా వీధిలో ఒక్క ఇల్లు కూడా వెనుకంజ వేయలేదు. మదరసా పిల్లలు మేడమీదికెక్కి, ఏ కిటికీలోనైనా వెలుతురు మిగిలిందేమోనని వెతికారు. ఒక్కటీ కనబడలేదు. ఆ చీకటిలో నిలబడిన నా మనసు సంతృప్తితో నిండిపోయింది. అంతకు నెల రోజుల ముందు, మార్చి 28న, జుమఅతుల్ విదా నమాజుకు చేతికి నల్లపట్టీ కట్టుకుని వచ్చిన వారిలో నేనూ ఒకణ్ణి. ఆనాటి బయాన్‌లో గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడినవాణ్ణి కూడా నేనే.

తొమ్మిదింబావు అయింది. దీపాలు వెలిగాయి. ఎవరి ఇళ్ళలోకి వారు వెళ్ళిపోయాము.

మా మసీదుకు రెండిళ్ళ అవతల, కీర్తిశేషులైన పాత ముతవల్లీగారి ఇంట్లో ఒక ఇనుప పెట్టె ఉంది. మసీదుకు, దానిని ఆనుకుని ఉన్న ఐదు మల్గీలకు, ఊరి చివరి ఖబ్రస్తాన్‌కు సంబంధించిన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయని మేము చిన్ననాటి నుండి వింటూ వచ్చాము. వక్ఫ్ ఆస్తుల రక్షణ కోసం దీపాలు ఆర్పిన ఆ రాత్రి, ఆ పెట్టె తెరచి చూద్దామన్న ఆలోచన మాలో ఒక్కరికీ కలగలేదు. అది నవంబరు నెలలో గాని తెరుచుకోలేదు. ఈ రెండింటి మధ్య జారిపోయిన కాలాన్ని గురించే ఈ నెల మీతో మాట్లాడదలచుకున్నాను.

అజాన్ తరువాత ఏమిటి?

నిరసన చిహ్నాలను తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. మన ధర్మంలో చిహ్నానికి గౌరవనీయమైన స్థానం ఉంది. మదీనాలో నమాజుకు ప్రజలను ఎలా పిలవాలన్న ప్రశ్న తలెత్తినప్పుడు దైవప్రవక్త (సఅసం) సహాబాలతో సంప్రదించారు. గంట మోగిద్దామా, బూర ఊదుదామా అన్న సూచనలు వచ్చాయి. చివరకు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి)కు స్వప్నంలో వినిపించిన పదాలు అజాన్‌గా స్థిరపడ్డాయి. హజ్రత్ బిలాల్ (రజి) కంఠం మదీనా అంతటా మార్మోగింది. ఒక పిలుపు ఎలా ఉండాలన్న విషయంలో కూడా అంతటి శ్రద్ధ వహించిన ధర్మం మనది.

అయితే అజాన్ ఎందుకు? నమాజుకు రమ్మనడానికి. అజాన్ విని, దాని ప్రతి పదానికీ భక్తితో జవాబు పలికి, ఆ తరువాత మంచం మీద నుండి లేవని మనిషిని మనమేమంటాము? అతని జవాబు అబద్ధమని అనము. కాని అతని నమాజు నెరవేరిందని కూడా అనలేము. నల్లపట్టీ ఒక అజాన్. ఆర్పిన దీపం ఒక అజాన్. నిద్రపోతున్న సముదాయాన్ని మేల్కొలపడమే దాని పని. మేలుకొన్నవాడు ఆ తరువాత ఏం చేశాడన్నదే అసలు ప్రశ్న.

చేయనిదానిని ఎందుకు పలుకుతారని విశ్వాసులనే నిలదీసే ఆయతు సూరహ్ సఫ్ఫ్ ఆరంభంలో ఉంది. ముఖాలను తూర్పుకో పడమరకో తిప్పడం మాత్రమే పుణ్యం కాదని చెప్పి, విశ్వాసం తరువాత ధనాన్ని బంధువులకు, అనాథలకు, పేదలకు, బాటసారులకు ఇవ్వడాన్ని, వాగ్దానాలను నిలుపుకోవడాన్ని, కష్టకాలంలో సహనం వహించడాన్ని పుణ్యంగా లెక్కించే ఆయతు సూరహ్ బఖరహ్‌లో ఉంది. ఖిబ్లా వైపు ముఖం తిప్పడం అల్లాహ్ ఆజ్ఞే. అయినా అక్కడితో ఆగిపోవద్దని హెచ్చరించినవాడు కూడా అల్లాహ్‌యే.

హుదైబియా నేర్పిన పాఠం

చిహ్నానికీ కార్యానికీ గల సంబంధాన్ని హుదైబియా కన్నా స్పష్టంగా చూపే సంఘటన సీరత్‌లో మరొకటి నాకు కనబడదు.

హిజ్రీ 6వ సంవత్సరం జుల్‌ఖఅదా మాసం. సుమారు 1400 మంది సహాబాలతో దైవప్రవక్త (సఅసం) ఉమ్రా సంకల్పంతో బయలుదేరారు. ఖురైషులు అడ్డుకున్నారు. రాయబారిగా వెళ్ళిన హజ్రత్ ఉస్మాన్ (రజి)ను చంపివేశారన్న వదంతి వచ్చింది. అప్పుడు ఒక చెట్టు కింద సహాబాలు ప్రాణాలకు తెగించి ప్రమాణం చేశారు. అదే బైఅతె రిజ్వాన్. అది దృఢసంకల్పానికి మహోన్నతమైన ప్రకటన. దాని వార్త ఖురైషులకు చేరింది. వారు సుహైల్ బిన్ అమ్ర్‌ను సంధి కోసం పంపారు. ప్రకటన తన పని తాను చేసింది. ఎదుటి పక్షాన్ని మాట్లాడడానికి కూర్చోబెట్టింది.

ఇక కాగితం మీద రాత మొదలయింది. హజ్రత్ అలీ (రజి) లేఖకులు. కరుణామయుడు, కృపాశీలుడు అన్న మాటలను సుహైల్ అంగీకరించలేదు. మక్కావారికి అలవాటైన రీతిలో అల్లాహ్ పేరు రాయాలన్నాడు. అలాగే రాశారు. ‘దైవప్రవక్త’ అన్న మాటను కూడా కాదన్నాడు. ఆ మాట తుడవడానికి హజ్రత్ అలీ (రజి) మనస్కరించలేదు. అప్పుడు ప్రియప్రవక్త (సఅసం) స్వయంగా దానిని తొలగించి, ‘ముహమ్మద్ బిన్ అబ్దుల్లాహ్’ అని రాయించారు. కాగితం మీద ఆ పదవి ఉన్నా లేకున్నా ఆయన అల్లాహ్ ప్రవక్తే. పదం కోసం పట్టుబడితే పోయేది పదేళ్ళ శాంతి.

సహాబాల హృదయాలు బరువెక్కాయి. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారు కలత చెంది ప్రశ్నించారు. ఆనాటి మాటలకు ప్రాయశ్చిత్తంగా తాను ఎన్నో సత్కార్యాలు చేస్తూ వచ్చానని తరువాత ఆయనే చెప్పుకున్నారు. ఖుర్బానీ చేసి తలలు గొరిగించుకోండని దైవప్రవక్త (సఅసం) మూడుసార్లు చెప్పినా దుఃఖంతో స్థంభించిన ఆ సమూహం లేవలేదు. గుడారంలోకి వెళ్ళినప్పుడు ఉమ్ముల్ మూమినీన్ హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఒక సలహా ఇచ్చారు: ఎవరితోనూ మాట్లాడకుండా మీరే బయటికి వెళ్ళి మీ ఖుర్బానీ చేసి, తల గొరిగించుకోండి అని. ఆయన అలాగే చేశారు. చూసినవారంతా లేచారు. మూడుసార్లు చెప్పిన మాట కదిలించలేని సమూహాన్ని ఒక్క పని కదిలించింది. ఆ మార్గం సూచించినది ఒక ఇల్లాలు. మన గృహిణులు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఆ సంధి ఫలం ఏమిటి? మరుసటి సంవత్సరం ముస్లిములు ప్రశాంతంగా ఉమ్రా చేశారు. ఖాలిద్ బిన్ వలీద్, అమ్ర్ బిన్ ఆస్ (రజి) వంటివారు ఇస్లాం స్వీకరించారు. హుదైబియాకు 1400 మందితో వెళ్ళినవారు, హిజ్రీ 8లో పదివేల మందితో మక్కాలో ప్రవేశించారు. దానిని లొంగుబాటు అనుకున్నవారికి అల్లాహ్ దానిని స్పష్టమైన విజయమని తెలియజేశాడు.

బావి కొన్న చేతులు

మదీనాలో ముహాజిర్లు మంచినీటికి కటకటలాడారు. ‘రూమా’ అనే బావి నీరు తియ్యనిది. కాని దాని యజమాని నీరు అమ్ముకునేవాడు. పేదవాడు ఆ నీరు కొనలేడు. ఆ స్థితిలో యజమానిని నిందిస్తూ కవిత్వం చెప్పవచ్చు. బావి చుట్టూ చేరి నినాదాలు చేయవచ్చు. ఈ బావిని కొని ముస్లిములకు ఇచ్చేదెవరని దైవప్రవక్త (సఅసం) అడిగి, దానికి ప్రతిఫలంగా స్వర్గ శుభవార్త వినిపించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో ఆ బావిని కొని అందరి కోసం వదిలిపెట్టారు. ధనవంతుడు, పేదవాడు, బాటసారి ఒకే బావి నీరు తాగారు.

వక్ఫ్ అనే వ్యవస్థ పుట్టుకలోనే ఈ గుణం ఉంది. ఖైబర్‌లో తనకు లభించిన శ్రేష్ఠమైన భూమిని ఏం చేయాలని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, మూలాన్ని అలాగే నిలిపి ఫలాన్ని దానం చేయమన్న భావంతో దైవప్రవక్త (సఅసం) మార్గం చూపారు. ఆ భూమిని అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు, వారసత్వంగా పంచుకోరాదు. దానిని చూసుకునేవారు ధర్మబద్ధంగా తమ భోజనానికి సరిపడ తీసుకోవచ్చు, కాని దానితో ఆస్తి కూడబెట్టుకోరాదు. వక్ఫ్ అంటే నిలిపివుంచడం. దానిని మన తాతలు నిలిపారు. నిలిచి ఉండేలా చూడడం మన వంతు.

పెట్టెలో ఏముంది?

ఇక మా కథకు వస్తాను. సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చింది. జూన్ 6న ‘ఉమీద్’ పోర్టల్ ప్రారంభమయింది. నమోదై ఉన్న వక్ఫ్ ఆస్తులన్నిటి వివరాలను ఆరు నెలల్లో అందులో నింపాలన్నారు. చట్టం న్యాయస్థానంలో ఉండగా నింపడం ఎందుకని చాలామంది ఆగారు. ఆ సందేహం అకారణమైనది కాదు. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇచ్చింది. ఐదేళ్ళుగా ఇస్లాంను ఆచరిస్తున్నవారే వక్ఫ్ చేయాలన్న షరతును, కలెక్టరు అధికారాలకు సంబంధించిన కొన్ని అంశాలను నిలిపివేసింది. నమోదు నిబంధనను మాత్రం నిలిపివేయలేదు. అప్పటికి మా చేతిలో రెండున్నర నెలలకు పైగా సమయం ఉంది. మేము గడువు పెరుగుతుందన్నాము. పెద్దలు చూసుకుంటారన్నాము. డిసెంబరు మొదట్లో సుప్రీంకోర్టు గడువు పెంచడానికి సమ్మతించక, ట్రిబ్యునళ్ళను ఆశ్రయించమని చెప్పింది. గడువు ముగిసేనాటికి దేశం మొత్తం మీద పోర్టల్‌లో నమోదు ప్రారంభమైన ఆస్తులు సుమారు 5 లక్షల 17 వేలు. దేశంలోని వక్ఫ్ ఆస్తులు 8 లక్షల 70 వేలకు పైగా ఉన్నాయని ప్రభుత్వ లెక్కలే చెబుతూ వచ్చాయి. మిగిలినవాటి మాటేమిటి?

నవంబరు రెండవ వారంలో మేము నలుగురం పాత ముతవల్లీగారి ఇంటికి వెళ్ళాము. ఆయన సతీమణి వృద్ధురాలు. తాళంచెవి నా చేతిలో పెడుతూ, “మౌల్వీసాబ్, ఈ తాళంచెవి అడగడానికి ఎవరైనా వస్తారని ఆయన పోయినప్పటి నుండీ చూస్తున్నాను” అన్నారు. ఆమె కోపంగా అనలేదు. అందుకే ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆయన పరమపదించి పందొమ్మిదేళ్ళయింది.

పెట్టెలో సగం చెదపురుగుల పాలయింది. మిగిలిన సగంలో నిజాం కాలపు ముంతఖబ్ నకలు ఒకటి, గుడ్డ మీద గీసిన పటం ఒకటి, మల్గీల అద్దె రసీదుల కట్టలు ఉన్నాయి. ముంతఖబ్ ఉర్దూలో, శికస్తా దస్తూరిలో ఉంది. చదవడానికి నేను పనికివచ్చాను. పహాణీలు తెలుగులో ఉన్నాయి. సర్వే నంబర్లను సరిపోల్చి, ఫోటోలు తీసి, కొలతలు నమోదు చేసిన అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని. మల్గీలో బట్టలు కుట్టే దర్జీ కూతురు. పోర్టల్ విధానం ప్రకారం ముతవల్లీ వివరాలు నింపాలి, వక్ఫ్ బోర్డు సరిచూడాలి, ప్రభుత్వ అధికారి ఆమోదించాలి. ఆ మొదటి మెట్టు ఎక్కడానికే మాకు పద్దెనిమిది రాత్రులు పట్టింది. ఇషా తరువాత కూర్చుంటే ఒక్కోసారి తహజ్జుద్ వేళ అయ్యేది. నా బయాన్లలో నేను ఎన్నడూ చేయని ఇబాదత్‌ను ఆ అమ్మాయి పక్కన కూర్చుని చేశానని అనుకుంటాను.

ఆ రాత్రులలో మూడు విషయాలు బయటపడ్డాయి. ఒకటి: ఐదు మల్గీల అద్దె మొత్తం కలిపినా మసీదు కరెంటు బిల్లుకు చాలదు. ఆ అద్దె ఎన్నడో నిర్ణయించినది, ఆ తరువాత ఎవరూ మార్చలేదు. అద్దెకున్నవారంతా మనవాళ్ళే. ఏప్రిల్ 30న దీపాలు ఆర్పినవాళ్ళే. రెండు: ఖబ్రస్తాన్‌ను కొలిస్తే గెజిట్‌లో ఉన్న దానికన్నా దాదాపు అర ఎకరం తగ్గింది. జరిగివచ్చిన గోడలలో పరాయివారివి ఉన్నాయి, మనవారివీ ఉన్నాయి. మూడు: నేను పద్నాలుగేళ్ళుగా మసీదు కమిటీ సభ్యుణ్ణి. ఒక్క సంవత్సరమైనా లెక్కలు అడిగినట్టు ఎక్కడా నమోదు లేదు, ఎందుకంటే నేను అడగలేదు.

మసీదు, మల్గీల వివరాలు గడువుకు రెండు రోజుల ముందు చేరాయి. ఖబ్రస్తాన్ చేరలేదు. హద్దులు తేలనిదే కొలతలు ఏమని రాయగలము? ఇప్పుడు దాని కోసం ట్రిబ్యునల్ ముందు నిలబడ్డాము. మా నాన్నగారి ఖబ్రు అక్కడే ఉంది.

తప్పు ఎవరిది?

చట్టంలో అన్యాయం ఉందని నమ్మేవారిలో నేనూ ఉన్నాను. వక్ఫ్ బోర్డులలో ముస్లిమేతర సభ్యుల నియామకం గురించి, పత్రాలు లేకుండా తరతరాలుగా వినియోగంలో ఉన్న వక్ఫుల గురించి మన పెద్దలు న్యాయస్థానంలో వాదిస్తున్నారు. ఆ పోరాటం సాగవలసిందే. దానికి మన దుఆ, మన ధనం, అవసరమైతే శాంతియుతంగా వీధిలో నిలబడే మన కాళ్ళు కూడా తోడుండాలి.

కాని నమోదు అన్నది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. బ్రిటిషు ఇండియాలో 1923 నాటి ముసల్మాన్ వక్ఫ్ చట్టమే ముతవల్లీలు ఆస్తి వివరాలను, లెక్కలను కోర్టుకు సమర్పించాలని చెప్పింది. 1954 చట్టం, 1995 చట్టం నమోదును విధించాయి. సవరణ చట్టం ప్రకారం కూడా, వినియోగం ద్వారా ఏర్పడిన వక్ఫులలో ముందే నమోదై, వివాదంలో లేనివి, ప్రభుత్వ భూమి కానివి వక్ఫుగానే కొనసాగుతాయి. అంటే మన తండ్రుల కాలంలో ఎవరో ఒకరు ఓపికగా కార్యాలయానికి వెళ్ళి చేయించిన ఒక్క నమోదు, ఈనాడు మన వేయి నినాదాల కన్నా బలమైన గోడగా నిలుస్తోంది. ఆ వ్యక్తి పేరు మనకు తెలియదు. అల్లాహ్‌కు తెలుసు.

నిరసనకు పదిహేను నిమిషాలు చాలు. అది అందరం కలిసి చేస్తాము, అందరూ చూస్తారు. హద్దురాయి పాతడానికి నెలలు పడుతుంది. ఒక్కరమే చేయాలి, ఎవరూ చూడరు. కొన్నిసార్లు సొంత బంధువుతోనే మాటపట్టింపు వస్తుంది. మన నఫ్స్ మొదటిదానినే ఎందుకు ఇష్టపడుతుందో వేరే చెప్పనవసరం లేదు. మొదటిది చేసినందుకు కలిగే తృప్తి, రెండవది చేయలేదన్న బాధను కప్పివేస్తుంది. నా విషయంలో జరిగింది ఇదే.

ఈ నెల మనం చేయగలవి

మొదటిది, జుమా తరువాత మీ మసీదు కమిటీని మర్యాదగా అడగండి: మన ఆస్తులేమిటి, వాటి కాగితాలు ఎక్కడున్నాయి, పోర్టల్‌లో చేరాయా అని. చేరకపోతే ఆలస్యం చేయవద్దు. తగిన కారణం చూపిస్తే ఆరు నెలలకు మించకుండా గడువు పొడిగించే అధికారం ట్రిబ్యునల్‌కు చట్టంలోనే ఉంది.

రెండవది, ప్రతి కాగితానికి మూడు నకళ్ళు చేయించండి. ఒకటి మసీదులో, ఒకటి నమ్మకస్తుడైన న్యాయవాది వద్ద, ఒకటి మరో ఊరిలోని బంధువు ఇంట్లో ఉంచండి. చెదపురుగు మూడు చోట్లకూ ఒకేసారి పోదు.

మూడవది, వక్ఫ్ దుకాణంలోనో ఇంట్లోనో మీరు అద్దెకు ఉంటే, న్యాయమైన అద్దె ఎంతో మీ అంతరాత్మనే అడగండి. అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించమన్నది అల్లాహ్ ఆజ్ఞ. మా దర్జీ సోదరుడు కూతురు నింపిన పత్రంలో తన మల్గీ అద్దె అంకె చూసి, మరుసటి నెల నుండి తానే దానిని ఎనిమిది రెట్లు చేశాడు. అతణ్ణి ఎవరూ అడగలేదు. మిగిలిన నలుగురిలో ఇద్దరు అతని వెంట నడిచారు. ఇద్దరి కోసం ఎదురుచూస్తున్నాము.

నాల్గవది, ఇళ్ళలో పిల్లలకు ఉర్దూ చదవడం నేర్పండి, తెలుగులో పహాణీ చదవడం కూడా నేర్పండి. మా పెట్టె ముందు ఆ రెండు విద్యలూ ఒకదానికొకటి అవసరమయ్యాయి. ఆడపిల్లల చదువు ఎందుకని ఇంకా అడిగేవారికి ఆ పద్దెనిమిది రాత్రులే నా సమాధానం.

రేపు మరొక పిలుపు వస్తే నేను మళ్ళీ నల్లపట్టీ కడతాను, మళ్ళీ దీపం ఆర్పుతాను. కాని ఆ దీపం తిరిగి వెలిగించిన తరువాత, దాని వెలుతురులో ఏ కాగితం చదవాలో ముందే బల్ల మీద పెట్టుకుంటాను, ఇన్‌షా అల్లాహ్.

ప్రభూ! మా మాటలకు తగిన పనులను మాకు ప్రసాదించు. మా పెద్దలు నీ కోసం నిలిపిన దానిని మా చేతులతో పోగొట్టుకునే దౌర్భాగ్యం నుండి మమ్మల్ని కాపాడు. అమానత్ దారులుగా మమ్మల్ని నీ సన్నిధిలో నిలబెట్టు. ఆమీన్.